చిన్న ఎస్‌యూవీ ఎంచుకోవడం ఎలా: నల్లగొండ, పాలమూరు రోడ్లకు సరిపోయే లెక్క

"పది లక్షల్లో మంచి ఎస్‌యూవీ ఏది?" అని అడిగే వాళ్ళు రోజూ ఉంటారు. ఒక పేరు చెప్పి పంపేయడం తేలికే. కానీ మిర్యాలగూడ నుంచి రోజూ హైదరాబాద్ పోయి వచ్చే వ్యాపారికి కుదిరిన బండి, మక్తల్ నుంచి నెలకు నాలుగుసార్లు పాలమూరు వచ్చిపోయే కుటుంబానికి కుదరదు. అందుకని బండి పేరు తర్వాత మీరే తేల్చుకోవచ్చు, ముందు లెక్క చూద్దాం.

తొందరలో ఉన్నవాళ్ళకు మాత్రం ఒక మాట. నెలకు 1,200 కిలోమీటర్లు మించి తిరగని ఇంటికి పెట్రోల్, మాన్యువల్ గేరు, మధ్య వేరియంటు చాలు. ఎక్స్ షోరూం ధర (ట్యాక్స్, ఇన్సూరెన్స్ లాంటి పై ఖర్చులు కలపనిది) పది లక్షల లోపు ఉండాలి. ఇంతకు మించి పెట్టే ప్రతి రూపాయికీ మీ దగ్గర ఒక కారణం ఉండాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత మూడు నెలల్లో ఎన్ని కిలోమీటర్లు తిరిగారో అంచనా (పాత బండి మీటరు, లేదంటే బస్సు, క్యాబ్ ప్రయాణాల లెక్క)
- మీ ఊరి గల్లీ, ఇంటి గేటు వెడల్పు కొలత. చిన్న ఎస్‌యూవీల వెడల్పు అద్దాలు కాకుండానే 1.7 నుంచి 1.8 మీటర్లు ఉంటుంది
- ఆధార్, పాన్, అడ్రస్ ప్రూఫ్. లోన్ తీసుకుంటే ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్
- ఒక టార్చ్ లైటు, ఒక నోట్‌బుక్

1. ఏ ఇంధనమో ముందు తేల్చండి

షోరూంలో అడుగుపెట్టాక ఈ నిర్ణయం మీ చేతిలో ఉండదు. ఏ బండి స్టాకు ఉంటే అదే మీకు మంచిదని చెప్తారు.

ఒక లెక్క వేద్దాం. ఒకే మోడల్లో డీజిల్ బండి పెట్రోల్ కంటే 1,30,000 ఎక్కువ అనుకోండి. లీటరు పెట్రోల్ 107, డీజిల్ 96 అనుకుందాం. మన రోడ్ల మీద లీటరుకు పెట్రోల్ బండి 15 కిలోమీటర్లు, డీజిల్ బండి 19 ఇస్తే కిలోమీటరుకు పెట్రోల్ ఖర్చు 7.13, డీజిల్ ఖర్చు 5.05. మిగిలేది రెండు రూపాయల ఎనిమిది పైసలు. అంటే అదనంగా పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే 62,500 కిలోమీటర్లు తిరగాలి. నెలకు వెయ్యి తిరిగే ఇంటికి ఐదేళ్ళు దాటుతుంది, రెండు వేలు తిరిగేవాళ్ళకు రెండున్నరేళ్ళు చాలు. మీరు కొనే రోజున ధరలు మారి ఉంటే అవే అంకెలు ఇందులో వేసుకోండి.

డీజిల్‌కు ఇంకో షరతు ఉంది. బీఎస్6 (ఇప్పటి కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన) డీజిల్ బండికి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. అది తనను తాను కాల్చుకుని శుభ్రం కావాలంటే అప్పుడప్పుడు ఇరవై నిమిషాల పాటు ఆగకుండా అరవై, డెబ్బై వేగంలో నడవాలి. క్లాక్ టవర్ నుంచి కూరగాయల మార్కెట్ దాకా తిరిగే బండికి ఆ అవకాశం రాదు. ఫిల్టర్ మూసుకుపోయి వార్నింగ్ లైటు వెలుగుతుంది, వర్క్‌షాప్‌కు పరుగెత్తాల్సి వస్తుంది. వారానికి ఒక్కసారైనా ఎన్‌హెచ్ 65 మీదికో ఎన్‌హెచ్ 44 మీదికో ఎక్కేవాళ్ళే డీజిల్ వైపు చూడండి.

సీఎన్‌జీ తీసుకునే ముందు ఒక రోజు మీ దారిలో ఉన్న పంపుకే వెళ్ళి, గ్యాస్ ఉందా, లైను ఎంత ఉందో కళ్ళారా చూడండి. ఫోన్‌లో మ్యాపు చూపించిందని నమ్మొద్దు. సిలిండర్ డిక్కీని తినేస్తుంది. టాటా, హ్యుందాయ్ ఇప్పుడు పెద్ద సిలిండర్‌కు బదులు రెండు చిన్నవి కిందికి అమర్చి కొంత జాగా మిగులుస్తున్నాయి. అయినా స్టెప్నీ ఎక్కడ పెట్టారో అడగండి.

ఎలక్ట్రిక్ బండికి తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఇంటి ముందు సొంత పార్కింగ్, 15 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ ఉంటే ఆలోచించొచ్చు. అపార్ట్‌మెంట్‌లో కింద ప్లగ్గు పెట్టనివ్వరంటే వదిలేయండి.

2. ఆన్ రోడ్ ధర మీరే లెక్క కట్టండి

హోర్డింగుల మీద ఉండేది ఎక్స్ షోరూం ధర, అదీ కింది వేరియంటుది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ లేదా 1500 సీసీ లోపు డీజిల్ ఇంజిన్ ఉన్న బండ్లకు జీఎస్టీ 18 శాతం. ఆ కొలతలు దాటితే 40. బ్రెజా పొడవు నాలుగు మీటర్ల లోపే అయినా ఇంజిన్ 1462 సీసీ కాబట్టి నలభైలోకి వెళ్తుంది. ఈ పన్ను ఎక్స్ షోరూం ధరలోనే కలిసి ఉంటుంది, మీరు విడిగా కట్టేదేమీ లేదు.

మీ జేబుకు తగిలేది లైఫ్ ట్యాక్స్, అంటే బండి జీవితకాలానికి ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్. తెలంగాణలో ఐదు నుంచి పది లక్షల బండికి 14 శాతం. పది దాటగానే స్లాబు మారి కనీసం మూడు శాతం పెరుగుతుంది. 9,90,000 బండికి ట్యాక్స్ 1,38,600. అదే 10,20,000 బండికి 17 శాతమే వేసుకున్నా 1,73,400. ధరలో తేడా ముప్పై వేలు, ట్యాక్సులో తేడా దాదాపు ముప్పై ఐదు వేలు! దీనికి తోడు ఇన్వాయిస్ పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళు ముందుగానే వసూలు చేసే ఇన్‌కం ట్యాక్స్) కట్టించుకుంటారు. అది మీ పాన్ మీద జమ అవుతుంది కాబట్టి ఇన్‌కం ట్యాక్స్ రిటర్ను వేస్తే మీ పన్నులో తగ్గుతుంది, లేదా తిరిగి వస్తుంది. మీ పేరు మీద ఇప్పటికే కారు ఉంటే రెండోదానికి లైఫ్ ట్యాక్స్ ఎక్కువ పడుతుంది, అది కూడా అడిగి రాసుకోండి.

సన్‌రూఫ్ కోసం ఈ గీత దాటేవాళ్ళు ఎక్కువ. మే నెలలో నల్లగొండ ఎండ తెలిసిన వాళ్ళు ఆ అద్దాన్ని ఏడాదిలో ఎన్ని రోజులు తెరుస్తారో ఆలోచించుకోవాలి.

కొటేషన్ కాగితం మీద ప్రతి వరుసనూ విడిగా రాయించుకోండి: ఎక్స్ షోరూం, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్. ఇవి తప్పనివి. యాక్సెసరీస్ కిట్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, టెఫ్లాన్ కోటింగ్ మీ ఇష్టం. "హ్యాండ్లింగ్", "లాజిస్టిక్స్" పేరుతో ఉన్న వరుసను కొట్టేయమని నేరుగా అడగండి, చాలాసార్లు కొట్టేస్తారు. మొత్తం ఒకే అంకెగా రాసిచ్చిన కొటేషన్ పనికిరాదు.

3. జాబితాను మూడు బండ్లకు దించండి

కొంచెం చిన్నవాటిలో పంచ్, ఎక్స్‌టర్, ఫ్రాంక్స్, మాగ్నైట్, కైగర్ ఉన్నాయి. ఒక మెట్టు పైన నెక్సాన్, వెన్యూ, సోనెట్, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, కైలాక్, బ్రెజా. ఇంట్లో నలుగురే ఉండి, ఊరి తిరుగుడు ఎక్కువైతే మొదటి వరుస చాలు. వెనక ముగ్గురు పెద్దవాళ్ళు తరచూ కూర్చుంటే రెండో వరుస చూడండి.

గ్రౌండ్ క్లియరెన్స్ అంకెను చాలామంది అతిగా నమ్ముతారు. ఐదుగురు ఎక్కి డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పడితే బండి కొన్ని సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. పైగా ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఎక్కువున్న బండి, ఊళ్ళలో మొనదేలి ఉండే స్పీడ్ బ్రేకర్ల మీద నడుము తగిలించుకుంటుంది. కాగితం మీద 190 మిల్లీమీటర్లా, 205 మిల్లీమీటర్లా అన్న తేడా కంటే నిండా జనం ఎక్కాక తగులుతుందా లేదా అన్నదే పరీక్ష.

టైరు సంగతి మాత్రం కాగితం మీదే చూసుకోవచ్చు. కంకర, గతుకులు తగిలే దారి మీదైతే 16 అంగుళాల చక్రం, 60 ప్రొఫైల్ (215/60 ఆర్16 లాంటిది, అంటే టైరు పక్క గోడ ఎత్తు దాని వెడల్పులో 60 శాతం) తీసుకోండి. పై వేరియంట్లలో వచ్చే పెద్ద అల్లాయ్ వీల్స్‌కు రబ్బరు గోడ సన్నగా ఉంటుంది, గుంతలో పడితే టైరు పక్క కోసుకుపోవడం, రిమ్ము వంగడం ఎక్కువ.

భద్రత విషయంలో మీరు కొనే వేరియంటులో ఏముందో చూడండి: ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ, వెనక మధ్య సీటుకు కూడా మూడు చోట్ల బిగించే బెల్టు, చిన్నపిల్లలుంటే వాళ్ళ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు. బండిని గుద్దించి చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో నెక్సాన్, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, కైలాక్ ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. "మా బండి కూడా గట్టిదే" అంటే సర్టిఫికెట్ చూపించమనండి.

4. సర్వీస్ సెంటర్‌ను చూసి రండి

షోరూం కంటే ముందు చేయాల్సిన పని ఇది, కానీ చేసేవాళ్ళు తక్కువ. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో షోరూం ఉన్న ప్రతి కంపెనీకీ బాడీ షాపు అక్కడే ఉండాలని లేదు. గుద్దుకున్న బండిని హైదరాబాద్ పంపితే మీకు ఎన్ని రోజులు బండి ఉండదో అడగండి.

అడగాల్సినవి ఇవే: ముందు బంపర్ ధర ఎంత, హెడ్‌లైట్ ఒక్కటి ఎంత, క్లచ్ సెట్టు కూలీతో కలిపి ఎంత, 20,000 కిలోమీటర్ల సర్వీసుకు ఎంతవుతుంది. ఎల్‌ఈడీ హెడ్‌లైట్ ధర విన్నాక కొందరు వేరియంటు మార్చుకుంటారు. వెయిటింగ్ హాల్లో కూర్చున్న ఇద్దరు ముగ్గురు కస్టమర్లతో మాట్లాడండి. సేల్స్ వాళ్ళు గంటసేపు చెప్పేదానికంటే వాళ్ళ దగ్గర ఐదు నిమిషాల్లో ఎక్కువ తెలుస్తుంది.

5. టెస్ట్ డ్రైవ్: మీ జనంతో, మీ రోడ్డు మీద

షోరూం ముందు రెండు కిలోమీటర్లు తిప్పి తెస్తే దాన్ని టెస్ట్ డ్రైవ్ అనరు. ముందురోజే ఫోన్ చేసి గంట టైం అడగండి. నల్లగొండ వాళ్ళు నార్కట్‌పల్లి దాకా, పాలమూరు వాళ్ళు జడ్చర్ల దాకా పోయి రావచ్చు. మధ్యలో ఒక ఊరి రోడ్డు తప్పకుండా కలపండి. ఇంట్లో ఐదుగురినీ ఎక్కించండి.

చూడాల్సినవి:

ఏసీ. ఎండాకాలమైతే మధ్యాహ్నం రెండు గంటలకే రమ్మనండి. ఎండలో నిలబెట్టిన బండిని తీసి, అద్దాలు నిమిషం దించి, ఏసీ పెట్టి, వెనక సీట్లో ఉన్నవాళ్ళకు చల్లగాలి ఎన్ని నిమిషాలకు తగిలిందో గడియారం చూసి రాసుకోండి. వెనక ఏసీ రంధ్రాలు లేని వేరియంట్లలో తేడా అక్కడే బయటపడుతుంది.

ఓవర్‌టేక్. నల్లగొండ నుంచి దేవరకొండ వైపు లాంటి రెండు లేన్ల దారుల్లో పత్తి లోడు లారీని దాటాలంటే మూడో గేరులో యాభై నుంచి ఎనభైకి ఎంత త్వరగా అందుకుంటుందన్నది ముఖ్యం. ఐదుగురితో, ఏసీతో చూడండి. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపి బలం పెంచేది) లేని 1.2 లీటర్ల ఇంజిన్లకు ఇక్కడ ఒక గేరు తగ్గించక తప్పదు. శ్రీశైలం తరచూ పోయేవాళ్ళైతే దోమలపెంట దాటాక వచ్చే ఘాట్‌లో ఇదే బరువుతో రెండో గేరులో ఎక్కాల్సి ఉంటుందని గుర్తుంచుకోండి, టర్బో పెట్రోల్ లేదా డీజిల్ అక్కడ ఊపిరి పీల్చుకునేలా చేస్తుంది.

స్పీడ్ బ్రేకర్. ఐదుగురితో నిదానంగా, నిటారుగా దాటించండి. కింద గీరిన శబ్దం వచ్చిందా? వెనక ముగ్గురిలో మధ్యన కూర్చున్న మనిషిని అడగండి, నడుము అదిరిందా అని.

ఎక్కడం, దిగడం. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మనో తాతయ్యనో తీసుకెళ్ళి వెనక సీట్లోకి మూడుసార్లు ఎక్కించి దించండి. మరీ ఎత్తైన బండి వాళ్ళకు కష్టం, మరీ కిందికి ఉన్నదీ కష్టమే.

గేరు. ఏఎంటీ (క్లచ్ తొక్కకుండా గేర్లు దానంతటదే మార్చే తక్కువ ధర ఆటోమేటిక్) తీసుకునేవాళ్ళు ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆపి, బ్రేకు వదిలి మళ్ళీ కదిలించి చూడండి. వెనక్కి జారితే హిల్ హోల్డ్ లేదని అర్థం. మందగా పాకే ట్రాఫిక్‌లో గేరు మారినప్పుడల్లా తల ముందుకు ఊగితే అది ఏఎంటీ సహజ గుణం, సర్వీసులో పోదు. నచ్చకపోతే సీవీటీ లేదా టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్ చూడండి, లేదంటే మాన్యువల్‌కే రండి.

హెడ్‌లైట్లు సాయంత్రం చీకటి పడ్డాక ఒకసారి చూస్తే మంచిది. ఊరి రోడ్ల మీద వీధి దీపాలు ఉండవు కదా.

6. లోన్, ఇన్సూరెన్స్

9 శాతం వడ్డీకి లక్షకు నెల కిస్తీ ఐదేళ్ళకు 2,076, ఏడేళ్ళకు 1,609. ఎనిమిది లక్షల లోనుకు కిస్తీ 16,608 నుంచి 12,872కు దిగుతుంది, వినడానికి బాగుంటుంది. కానీ మొత్తం వడ్డీ 1.96 లక్షల నుంచి 2.81 లక్షలకు పెరుగుతుంది. ఆ ఎనభై ఐదు వేలతో మంచి టైర్లు, మూడేళ్ళ ఇన్సూరెన్స్ వచ్చేస్తాయి.

"ఆరు శాతమే వడ్డీ" అంటే ఫ్లాట్ రేటా (మొదటి అప్పు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ), రిడ్యూసింగా (మిగిలిన అప్పు మీదే వడ్డీ) అని వెంటనే అడగండి. ఐదేళ్ళకు ఆరు శాతం ఫ్లాట్ అంటే రిడ్యూసింగ్‌లో దాదాపు 10.8. వ్యవసాయం మీద బతికేవాళ్ళకు పంట చేతికొచ్చే వేళకు ఆరు నెలలకోసారి కట్టే కిస్తీలు కొన్ని ఫైనాన్స్ సంస్థలు ఇస్తాయి. ముందే అడిగితే తప్ప చెప్పరు.

ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలన్న రూలు లేదు. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి, సొంత బండి డ్యామేజీకి ఒక ఏడాది చాలు. బయట కొటేషన్ పోల్చేటప్పుడు ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ) ఒకటే ఉందా, జీరో డిప్రిసియేషన్ (పార్టుల తరుగు కోయకుండా ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్ట్ రెండింటిలోనూ ఉన్నాయా చూసుకోండి. లేకపోతే పోలికకు అర్థం లేదు. "ఇన్సూరెన్స్ మా దగ్గరైతేనే డిస్కౌంట్" అంటే, రెండూ కలిపి ఎక్కడ తక్కువ పడుతుందో అక్కడ తీసుకోండి.

ఎప్పుడు కొనాలంటారా? ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి బుకింగులు పడిపోయి బేరానికి వీలుంటుంది. బుక్ చేసి శ్రావణంలో డెలివరీ తీసుకోవచ్చు. డిసెంబరు ఆఫర్లు మాత్రం ఏడెనిమిదేళ్ళు బండి ఉంచుకునేవాళ్ళకే. మూడేళ్ళలో అమ్మేస్తే తయారీ సంవత్సరం ఒకటి వెనక ఉండటం వల్ల ఆ లాభం అమ్మకం ధరలో పోతుంది.

7. డెలివరీకి ముందు తనిఖీ

ఎక్కువ మంది పొరపాటు చేసే చోటు ఇదే. దసరా రోజు ముహూర్తానికి పోయి, పూలదండ వేసిన బండిని అప్పుడే మొదటిసారి చూస్తారు. అప్పటికే ఇన్వాయిస్ అయిపోయి, లైఫ్ ట్యాక్స్ కట్టేసి ఉంటారు. గీత కనిపించినా వద్దనలేరు. నిమ్మకాయలు తొక్కించే రోజుకు కనీసం రెండు రోజుల ముందు, ఇన్వాయిస్ కాకముందు, పగటి వెలుగులో బండిని చూడాలని బుకింగ్ ఫారం మీదే రాయించుకోండి.

తనిఖీ ఈ వరుసలో చేయండి:

- ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఫోటో తీసుకోండి. తయారీ నెల, సంవత్సరం అడిగి కాగితం మీద సరిచూడండి.
- టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 3225 అంటే 2025లో 32వ వారం. స్టెప్నీతో సహా అన్నీ చూడండి. ఒకటి మరీ పాతదైతే మార్చమనండి.
- మీటరు వంద కిలోమీటర్లు దాటి ఉంటే ఎందుకో అడగండి. టెస్ట్ డ్రైవ్ బండి అయ్యుండొచ్చు.
- తలుపులు, బానెట్, డిక్కీ మధ్య సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా? పెయింట్ రంగు ఒక ప్యానెల్ మీద కొద్దిగా వేరుగా ఉంటే మళ్ళీ వేశారని అనుమానించండి. టార్చ్ ఏటవాలుగా వేస్తే తెలుస్తుంది.
- కార్పెట్ ఎత్తి తడి, మట్టి చార చూడండి. స్టెప్నీ గుంటలో కూడా.
- చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించండి. అన్ని లైట్లు, వైపర్, రివర్స్ కెమెరా, నాలుగు అద్దాలు, ఏసీ, హారన్.
- రెండు తాళాలు, జాకీ, టూల్ కిట్, వారంటీ బుక్కు.

యార్డులో నిలబెట్టేటప్పుడు టైర్లలో గాలి ఎక్కువ నింపుతారు. బయటికి తీసిన రోజే డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ ప్రకారం సరిచేయించండి. లేకుంటే బండి బిరుసుగా ఉందని అనవసరంగా బాధపడతారు.

8. మొదటి నెల

పాలసీ కాగితంలో పేరు, ఛాసిస్ నంబరు, మీరు డబ్బు కట్టిన యాడ్ ఆన్‌లు అన్నీ ఉన్నాయా అన్నది ఇంటికి రాగానే చూడండి. హైవే ఎక్కువ తిరిగేవాళ్ళకు ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర మూడు వేలు, జాతీయ రహదారుల టోళ్ళ మీద 200 ట్రిప్పులు లేదా ఒక ఏడాది. పంతంగి, కొర్లపహాడ్ టోళ్ళ మీదుగా వారం వారం పోయేవాళ్ళకు త్వరగానే గిట్టుబాటు అవుతుంది.

మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే వేగంలో గంటల తరబడి నడపొద్దు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కొద్దు. వరికోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, గడ్డి మీదుగా పోవాల్సి వస్తే, దాటాక ఆగి కింద చూడండి. వేడెక్కిన సైలెన్సర్‌కు గడ్డి చుట్టుకుంటే మంటలు లేస్తాయి. వడ్ల బస్తాల పక్కన షెడ్డులో బండి పెట్టేవాళ్ళు వారానికోసారి బానెట్ ఎత్తండి, ఎలుకలు వైర్లు కొరకడం మన దగ్గర చాలా మామూలు.

మైలేజీని స్క్రీన్ మీద చూసి నమ్మొద్దు. ఒకే పంపులో ట్యాంకు నింపించి, నాజిల్ ఆగిన చోటే ఆపించి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్ళీ అక్కడే నింపినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. వరుసగా మూడుసార్లు చేసి సగటు తీయండి. కంపెనీ చెప్పిన అంకె కంటే ఊళ్ళో పావు వంతు, మూడో వంతు తగ్గడం మామూలే. సగానికి దిగితే మాత్రం ముందు టైర్ల గాలి చూడండి. తర్వాత పది కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. ఒకటి మిగతా వాటికంటే బాగా కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. మొదటి సర్వీసులో ఈ ఫిర్యాదు నోటితో చెప్పి ఊరుకోకుండా జాబ్ కార్డు మీద రాయించి, ఒక కాపీ తీసుకోండి. వారంటీ క్లెయిమ్‌కు ఆ కాగితమే అడుగుతారు.